సీసం ఊళ్ళో నీళ్ళ బేరం

తలుపు వెయ్యకు తల్లీ, ఒక్క నిమిషం. నేనేమీ అమ్మడానికి రాలేదు.

పొద్దుటినుంచీ ఈ వీధిలో నా మాట పూర్తిగా విన్నవాళ్ళు లేరు. మూలింటాయన జాలీ తలుపు గొళ్ళెమైనా తియ్యకుండా, "అదేదైనా సరే, మాకు వద్దు" అన్నాడు. నేనింకా నోరు తెరవనేలేదు. ఆ పక్కింటావిడ కర్టెన్ జరిపి చూసి మళ్ళీ వేసేసుకుంది. తలుపు కొట్టేవాళ్ళంటే ఊరంతా ఇలా అయిపోయింది. వాళ్ళనేమనను.

నువ్వు టెగన్ కదూ. మీ అమ్మా నేనూ ఒకే జట్టులో నెట్‌బాల్ ఆడేవాళ్ళం. ఆవిడ గోల్స్ వేసేది, నేను తిట్లు తినేదాన్ని. నా పేరు రొసెల్లా. పడవల రేవు దగ్గర ఉంటాం. మా ఆయన విన్స్, సీసం ఫ్యాక్టరీలో కొలిమి మీద పని.

లోపలికి రానా? గాలి ఇవాళ ఫ్యాక్టరీ వైపునుంచి వీస్తోంది. ఇలాంటప్పుడు తలుపు బార్లా తీసి ఉంచకూడదు. నీకు తెలియనిదా. చెప్పులు ఇక్కడే విప్పేస్తాను. మన పిరీ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ చెప్పులతో ఇంట్లోకి రారు.

పాప పేరేంటి? ఎడీ. బాగుంది. రెండేళ్ళు నిండాయా? ఇంకా లేదా. అంటే ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు.

సరే. కూర్చోనులే, నిలబడే చెబుతాను. కూర్చుంటే నాకు మాట రాదు.

మీ ఇంటికి ఒకబ్బాయి వచ్చాడా? పొడుగ్గా, నీలం చొక్కా, మెళ్ళో గుర్తింపు కార్డు. "మీ కుళాయి నీళ్ళు ఉచితంగా పరీక్ష చేస్తాం" అంటాడు. ఉండు, చెప్పకు. నువ్వు ముందే చెప్పేస్తే నాకు చెప్పే ధైర్యం పోతుంది.

వాడు నా కొడుకు. డారియో.

ఇందాకటినుంచీ గుమ్మం గుమ్మానికీ "ఒకబ్బాయి" అంటూ వచ్చాను. నా కొడుకని ఇక్కడే అన్నాను. ఎందుకో. పాపని చూసినందుకేమో.

మంచివాడే. అందరు తల్లులూ అదే అంటారు, తెలుసు. అడిలైడ్‌లో కెమిస్ట్రీ చదివాడు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినవాడు వాడొక్కడే. పట్టా తీసుకున్న రోజు విన్స్ టై కట్టుకున్నాడు. మా పెళ్ళికి కూడా కట్టుకోలేదు.

ఆ తర్వాత ఏముంది. దరఖాస్తులు పెట్టడం, ఎదురుచూడటం. ఫ్యాక్టరీ ల్యాబులో కొత్తవాళ్ళని తీసుకోవడం లేదన్నారు. వైన్ తయారుచేసే చోట అనుభవం కావాలన్నారు. నీళ్ళు పరీక్షించే ఆఫీసు జవాబే ఇవ్వలేదు. అసలు వద్దన్నా బాగుండేది. ఆ మౌనానికే పిల్లాడు చిక్కిపోయాడు. చివరికి సూపర్‌మార్కెట్లో అరలు సర్దే పనికి చేరాడు. క్రిస్మస్ భోజనాల దగ్గర మా మరిది సాల్ అన్నాడూ, "ఏరా, డిగ్రీ చదివి దోసకాయలు పేరుస్తున్నావట, వాటి ఫార్ములా ఏంటి?" అని. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. నవ్వి, లేచి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. తీపి తినడానికి కూడా రాలేదు.

అప్పుడు కనిపించింది ఆ ప్రకటన. కొత్తగా డిగ్రీ చేసినవాళ్ళకి స్వాగతం, అనుభవం అక్కర్లేదు, ఏడాది తిరిగేసరికి మీ సొంత వ్యాపారం. ఇంటర్వ్యూకి వెళ్ళాడు. అదే రోజు తీసుకున్నారు. నాకప్పుడే అనుమానం రావలసింది. అన్నాళ్ళు ఎవరూ పలకని పిల్లాణ్ణి వెళ్ళీ వెళ్ళగానే ఎవరు తీసుకుంటారు? కానీ వాడి మొహంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాను.

నీళ్ళ ఫిల్టర్లు అమ్మాలి. ఇంటింటికీ తిరిగి. పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడతారట, పాటలు పెడతారట. అక్కడ "అలిసిపోయాను" అనకూడదు. "ఉద్యోగం" అనకూడదు, "నా వ్యాపారం" అనాలి. జీతం అన్న మాటైతే లేనే లేదు, ఎందుకంటే జీతమే లేదు. అమ్మితే వస్తుంది, అమ్మకపోతే లేదు. పెట్రోలు తనదే, చొక్కా తనదే.

"నేను ఎవరి కిందా పనిచెయ్యను నాన్నా. నాకు నేనే యజమానిని" అన్నాడు.

"మరి ఆ జారడ్ అనేవాడు ఎవడు?" అన్నాడు విన్స్.

"నా మార్గదర్శి."

"మా దగ్గర వాణ్ణి ఫోర్‌మన్ అంటాం. మాకు కనీసం బూట్లైనా ఇస్తారు."

ఆ జారడ్‌ని చూశాను ఒకసారి. మావాడికంటే ఏడాది పెద్దేమో. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతాడు. కళ్ళు మాత్రం మన వెనకాల గోడని చూస్తుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. విను తల్లీ.

మొదటి వారం ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద మాకు పరీక్ష చేసి చూపించాడు. రెండు గ్లాసులు. ఒకదాంట్లో మన కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో ఫిల్టరు నీళ్ళు. ఒక చిన్న పెట్టెకి ఇనప కడ్డీలు వేలాడుతుంటాయి, అవి గ్లాసుల్లో ముంచి మీట నొక్కాడు. కాసేపటికి మన నీళ్ళు పసుపు రంగుకి తిరిగాయి. తర్వాత ఎర్రగా, తర్వాత మురిక్కాలవలా. పైన తెట్టు కట్టింది. ఫిల్టరు నీళ్ళు మాత్రం అలాగే తేటగా ఉన్నాయి.

ఇన్నేళ్ళూ ఇదా మేం తాగింది అనుకున్నాను. విన్స్ మొహం కూడా మాడిపోయింది.

వాడు పకపకా నవ్వాడు. "అది నీళ్ళలోది కాదమ్మా, కడ్డీలోది. ఇనుములో కరెంటు పెడితే ఇనుమే కరిగి తుప్పవుతుంది. కుళాయి నీళ్ళలో కాస్త ఉప్పులుంటాయి కాబట్టి కరెంటు పారుతుంది. ఫిల్టరు నీళ్ళలో అవి ఉండవు, పారదు. అంతే. కావాలంటే ఆ తేట నీళ్ళలో చిటికెడు ఉప్పు వెయ్యి."

వేశాను. అవీ మురిక్కాలవే అయ్యాయి.

ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. "దీనికా నేను కెమిస్ట్రీ చదివింది? రేపు వెళ్ళి మానేస్తున్నానని చెప్పేస్తాను" అన్నాడు.

వెళ్ళాడు. మానలేదు.

ఆ జారడ్ అడిగాడట, "నీ కథేంటి?" అని. అక్కడ ప్రతివాడికీ గుమ్మంలో చెప్పుకోవడానికి ఒక కథ ఉండాలట. ఒకడికి జబ్బుపడ్డ నాయనమ్మ, ఒకమ్మాయికి కాలిపోయిన ఇల్లు. మావాడు నాకేం కథ లేదన్నాడట. "ఎక్కడ పుట్టావు?" అన్నాడట జారడ్. "పిరీ." అంతే. ఆ ఒక్క మాటకి వాడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడట. "సీసం ఊరు కదూ? చిన్నప్పుడు నీకు రక్తపరీక్ష చేశారా?"

చేశారు. చెయ్యకేం. మీ ఎడీకి చేసినట్టే. వేలి చివర సూదితో పొడిచి, కట్టు కట్టి, బొమ్మ స్టిక్కరు ఇచ్చి. వాడి రక్తంలో సీసం ఉండకూడనంత ఉందన్నారు.

ఆ తర్వాత నేనేం చేశానో నీకు చెప్పక్కర్లేదు, మన ఆడవాళ్ళందరూ చేసేదే. తడిగుడ్డ. కిటికీ గట్లు, తలుపు అంచులు, కుర్చీ కాళ్ళు. చీపురు ముట్టలేదు, పొడి దుమ్ము లేస్తుందని. విన్స్ పని బట్టలు వేరే ఉతుకు. పాలపీక నేల మీద పడితే వేడినీళ్ళు. తినేముందు చేతులు కడగడం, దానికో పాట. వాడు నేల మీద కూర్చుని ఆడుకుంటుంటే చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ తుడిచేదాన్ని. ఏళ్ళ తరబడి. తగ్గింది. మెల్లగా, మొండిగా, తగ్గింది.

ఇప్పుడు మావాడు గుమ్మాల్లో నిలబడి ఏం చెబుతున్నాడో తెలుసా? "నాకూ చిన్నప్పుడు ఎక్కువే ఉండేది. మా అమ్మ నీళ్ళు మార్చింది. తగ్గిపోయింది."

ఏ నీళ్ళు మార్చాను నేను? ఈ మోకాళ్ళు చూడు.

మన కుళాయి నీళ్ళు మర్రే నదినుంచి గొట్టంలో వస్తాయి. రుచి ఉండదు, ఒప్పుకుంటాను. కానీ విషం వాటిలో లేదు తల్లీ. వాన నీళ్ళు పట్టుకుని తాగొద్దన్నారు, కప్పు మీది దుమ్ము కలుస్తుందని. ఉన్నదంతా దుమ్ములో ఉంది. ఆ సంగతి వాడికి నాకంటే బాగా తెలుసు.

నేనైనా ఊరుకునేదాన్నేమో. నిజం చెబుతున్నాను. వాడి మొహంలో రంగు వచ్చింది, అన్నం తింటున్నాడు, సాల్ కూడా "ఏం వ్యాపారవేత్తా" అని భుజం తట్టాడు. కాస్త తుప్పునీళ్ళ గారడీ, ఎవరికేం నష్టం అనుకున్నాను. పనికిరాని ఫిల్టర్లు కొనుక్కునేవాళ్ళు లేరా లోకంలో.

మొన్న సూపర్‌మార్కెట్లో కెర్రిన్ కనిపించింది. మందుల షాపులో పనిచేస్తుందే, ఆ అమ్మాయి. నన్ను చూడగానే కావలించుకుంది. "మీ అబ్బాయి పుణ్యమా అని నాకు ఆ తుడుపుడు గోల వదిలింది రొసెల్లా" అంది.

"అదేంటి?" అన్నాను.

"ఇంకా ఎందుకు తుడవడం? విషమంతా నీళ్ళలోనే ఉందని కళ్ళారా చూశాంగా. ఫిల్టరు పెట్టించేశాం."

సామాన్లు తోసే బండిలో కూర్చోబెట్టిన వాళ్ళ బాబు ఆ బండి పిడి చీకుతున్నాడు. ఎవరెవరి చేతులో పట్టుకున్న పిడి. కెర్రిన్ వాణ్ణి చూసి నవ్వుతోంది.

"మళ్ళీ పరీక్ష చేయించావా?" అన్నాను.

"చేయించాను. కాస్త పెరిగింది. ఫిల్టరు కొత్తది కదా, పని చూపించడానికి టైం పడుతుందట. డారియో చెప్పాడు."

నేను కొనాలనుకున్నవన్నీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

అడిగాను వాణ్ణి. సాయంత్రం, బూట్లు విప్పుతుంటే. కెర్రిన్ మాట చెప్పాను. వాడు తల వంచుకుంటాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. ఏదైనా భరించేదాన్ని. వాడు నా కళ్ళలోకి చూసి, మెత్తగా, తల కాస్త పక్కకి వాల్చి, "నీ ఆందోళన నాకర్థమైందమ్మా. చాలామంది తల్లులు మొదట్లో అలాగే అనుకున్నారు. తర్వాత వాళ్ళకి తెలిసిందేమిటంటే..." అన్నాడు.

ఆ గొంతు నా కొడుకుది కాదు. వాళ్ళకి నేర్పుతారట అలా. ఎదుటివాళ్ళు కాదన్నప్పుడు మాట్లాడే పద్ధతి. మొదటి వారంలో వాడే మాకు చూపించి ఎగతాళి చేశాడు.

"డారియో, నేను మీ అమ్మని" అన్నాను.

అప్పుడు ఆ నవ్వు పోయింది. "నువ్వే కదమ్మా చదువుకోమన్నావు. చదివాను. ఎవరు పిలిచారు? ఇంకొన్ని ఇళ్ళు. అవి పూర్తయితే నాకు సొంత ఆఫీసు. నా కింద నాలాంటివాళ్ళు ఉంటారు. ఇక నేను గుమ్మాలెక్కక్కర్లేదు."

"వాళ్ళు ఎక్కుతారు" అన్నాను.

"వాళ్ళ కథలు వాళ్ళకుంటాయి."

వెళ్ళి పడుకున్నాడు. నిద్ర కూడా బాగానే పట్టింది వాడికి. ఆ శ్వాస వింటూ గుమ్మంలో నిలబడ్డాను.

విన్స్ ఏమన్నాడో తెలుసా? "వదిలెయ్ రొసెల్లా. పనిలో ఉన్నాడు, అది చాలు." ఇన్నేళ్ళూ పనినుంచి వస్తే వాకిట్లోనే బట్టలు విప్పి లోపలికి వచ్చిన మనిషి, ఆ మాట అన్నాడు.

అందుకే బయల్దేరాను. వాడు వెళ్ళబోయే వీధులకి వాడికంటే ముందు. నేను తిరిగితే వాడి ఆఫీసు పోతుంది, తెలుసు. వాడు నాతో మళ్ళీ మాట్లాడకపోవచ్చు, అదీ తెలుసు. ఎవరో ఒకరు...

ఏంటి తల్లీ? సింకు వైపు ఎందుకు చూస్తున్నావు?

పెట్టించావా.

ఎప్పుడు? వారమైందా. అలాగా. ఎడీని ఎత్తుకున్నాడా. ఎత్తుకుంటాడు, వాడికి పిల్లలంటే ఇష్టం. అది నటన కాదు. అదే నాకు అర్థం కానిది.

చూశావు, అవును. నీ గ్లాసు, నీ కుళాయి, నీ కళ్ళు. నేనూ చూశాను, చెప్పానుగా. ఉప్పు వేసి చూపిద్దామంటే నా దగ్గర కడ్డీలు లేవు. కారు డిక్కీలో పెట్టి తాళం వేస్తాడు. నా దగ్గర మాట తప్ప ఏమీ లేదు.

సీసం కనిపించదు టెగన్. మనం పుట్టినప్పటినుంచీ కనిపించనిదాన్ని తుడుస్తూ బతికాం. మా అమ్మ తుడిచింది, మీ అమ్మ తుడిచింది. పోయిందో లేదో ఎవరికీ కనిపించలేదు. వీడు వచ్చి ఇదిగో అని చూపించాడు. గ్లాసులో, ఎర్రగా. ఎలా నమ్మకుండా ఉంటావు? నేను నీ వయసులో ఉంటే నేనూ కొనేదాన్ని. కొని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయేదాన్ని.

ఈ కిటికీ గట్టు ఎప్పుడు తుడిచావు?

కోపం తెచ్చుకోకు. తప్పుపట్టడం లేదు. ఇదిగో నా వేలు. ఇది వారం దుమ్ము. పాప బొమ్మలన్నీ దీని కిందే ఉన్నాయి. ఆ కుందేలు చెవి ఇందాకటినుంచీ నోట్లోనే ఉంది. ఎడీ, ఇటివ్వమ్మా. ఏడవకు. ఇలా ఇవ్వు.

సరే, నేను ముట్టుకోను. నువ్వే తీసుకో పాపని. నేను వెనక్కి జరుగుతాను. చూడు, జరిగాను.

ఎందుకు నాతో అంత నెమ్మదిగా మాట్లాడుతున్నావు? నాకు వినిపిస్తుంది. మంచినీళ్ళేం వద్దు. కూర్చోను. ఆ చెయ్యి తియ్యి నా భుజం మీదనుంచి. కాదు, కసిరానని కాదు. క్షమించు.

టెగన్, వాడు నా గురించి ఏమైనా చెప్పాడా?

చెప్పు. ఫరవాలేదు.

మా అమ్మ రావచ్చు, అన్నాడా. పాపం, ఆవిడకి మనసు బాగుండదు, అన్నాడా. పుట్టినప్పటినుంచీ ఇక్కడి గాలే పీల్చింది, సీసం తలకెక్కింది, ఫిల్టర్లు వద్దని ఇంటింటికీ తిరుగుతోంది, ఏమీ అనకండి, మర్యాదగా కూర్చోబెట్టి నాకు ఫోన్ చెయ్యండి. అన్నాడా.

కళ్ళు కూడా తుడుచుకున్నాడా చెబుతూ.

అది కూడా నేర్పుతారమ్మా వాళ్ళకి. ఎదుటివాళ్ళకి అనుమానం రాకముందే ఆ అనుమానం మనమే ఎత్తి, మనమే జవాబు చెప్పెయ్యాలట. అప్పుడిక అది వచ్చినా పనిచెయ్యదట. నన్ను ఎప్పుడు లెక్కలోకి తీసుకున్నాడో. నేను ఇల్లు కదలకముందే తీసుకున్నాడన్నమాట. అమ్మని అంత బాగా తెలుసుకున్న కొడుకు ఎంతమందికి ఉంటాడు.

లేదు, ఏడవడం లేదు.

ఆ ఫోన్ వాడికేనా? చెయ్యి. అడ్డుపడను. అరిస్తే వాడు చెప్పింది నిజమవుతుంది. కాదని వాదిస్తే ఇంకా నిజమవుతుంది. తెలివైనవాడు. ఆ చదువు ఊరికే పోలేదు.

సరే, ఇలా చేద్దాం. నేను నీతో ఒక బేరం ఆడతాను.

ఫిల్టరు ఉంచుకో. మంచిదే, నీళ్ళు రుచిగా ఉంటాయి. వాడు చెప్పిందంతా నిజం. నాకు ఒంట్లో బాగుండదు. తలకెక్కింది. ఎవరడిగినా ఆ మాటే చెప్పు, నేనూ అదే అంటాను. కాగితం మీద రాసివ్వమంటే రాసిస్తాను. బదులుగా నువ్వు ఒక్కటి చెయ్యి. తడిగుడ్డతో ఇల్లు తుడువు. రోజూ. పాప తినేముందు చేతులు కడుగు. ఎందుకని అడక్కు. ఒక మతిలేని ముసలిది మీ ఇంటికొచ్చి గొడవ చేసింది, దాని నోరు మూయించడానికి సరేనన్నానని అనుకో. నీకు పోయేదేముంది?

తల ఊపావు. ఊపావు కదూ? నాకోసం కాకపోయినా పాపకోసం. సరే.

కారు చప్పుడు వాడిదే. ఇంత త్వరగా వచ్చాడంటే దగ్గర వీధిలోనే ఉన్నాడన్నమాట. నేను వెనక తలుపునుంచి వెళతాను, వాడికి నా మొహం చూడటం కష్టంగా ఉంటుంది. చెప్పులు చేత్తో పట్టుకుపోతానులే.

వాడడిగితే చెప్పు. మీ అమ్మ వచ్చింది, అచ్చం నువ్వన్నట్టే ఉంది, అని.